రాట పాతని కంప

యాభై దాటేదాకా నాకు అక్షరాలు రావు. మా పొదుపు సంఘంలో, ఇంక వేలిముద్రలు చాలు, సంతకాలు నేర్చుకోండి అన్నారు. పేరులో ఉన్న నాలుగక్షరాలు వచ్చాక, మిగతావి మాత్రం ఎందుకు రావని మొండికేశాను. బస్సుల మీద బోర్డులు, ఎరువుల సంచుల మీద రాతలు కూడబలుక్కుంటూ పోయి, కొన్నేళ్లకు పేపరు చదవగలిగాను. అప్పుడు కూడా ఇది రాయలేదు. మా ఊరి రాజీలో ఒక షరతు ఉంది. పాత మాట ఎవరూ ఎత్తకూడదు. ఎత్తినవాళ్లు ఊరి ముందు తప్పు కట్టాలి.

ఈ మధ్య సింగరాయకొండలో కూతురి దగ్గర ఉంటున్న ఒక వదినను చూడబోయినప్పుడు ఈ సంగతే అన్నాను. మా చేను గట్టు అవతలి చేను ఆవిడది. ఆవిడ నవ్వింది.

"నోటితో ఎత్తొద్దన్నారు గానీ చేత్తో రాయొద్దన్నారా? రాసుకో. పేర్లు మాత్రం పెట్టకు, ఇంకా బతికే ఉన్నాంగా" అంది.

అందుకని పేర్లు లేకుండా రాస్తున్నాను.

మాది దర్శికి అవతల, బస్సు దిగి ఇంకా నడవాల్సిన ఊరు. టీవీలో కొండల మీద యుద్ధం చూపించిన ఏడాది మా ఊళ్లోనూ యుద్ధమే జరిగింది. మేం దాన్ని గొడవ అనేవాళ్లం, ఇప్పటికీ అలాగే అంటాం. ఎలా మొదలైందో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. ఓట్ల దగ్గర అని కొందరు, చెరువు వేలం దగ్గర అని కొందరు. ఊరు రెండు వర్గాలైంది. ఒకే ఇంటిపేరు వాళ్లు అటూ ఉన్నారు, ఇటూ ఉన్నారు. వాములు తగలబెట్టుకున్నారు. కాపుకొచ్చిన బత్తాయి చెట్లు నరికేశారు. నాటు బాంబులు చుట్టడం నేర్చుకున్నారు. మా వైపు ఒక మనిషి పోయాడు, మా ఆయనకు పెదనాన్న కొడుకు. వాళ్ల వైపు ఒక మనిషి పోయాడు. ఆయన ఈ గట్టు అవతలి వదిన భర్త.

నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడా నేనూ వదినా అంటే వదినా అనుకునేవాళ్లం. ఇద్దరి చేలూ పక్కపక్కనే కాబట్టి ఒక గట్టు మీదే సద్ది విప్పుకునేవాళ్లం. గొడవలో ఆ పిలుపు పోయింది. ఆవిడ భర్త పోయిన రోజున నేను వెళ్లి ఏడవడానికి కూడా లేకపోయింది. మా వైపు వాళ్లే చంపారని అందరికీ తెలుసు. ఆ రాత్రే మా వర్గం ఇళ్లన్నీ ఖాళీ చేసి ట్రాక్టర్లెక్కాం. తలుపులు వేసుకున్నామో లేదో కూడా చూసుకోలేదు.

మేం మంగళగిరిలో తేలాం. మగ్గం నేసే ఒకాయన ఇంటి వెనక వసారా అద్దెకిచ్చారు. ఆ ఇంటివాళ్లు మంచివాళ్లు. మా ఆయన ఏదో గోడౌన్లో బస్తాలు మోశాడు, నేను నూలు కండెలు చుట్టాను. మా అత్తగారు మాత్రం రోజూ పొద్దున్నే వీధిలోకొచ్చి ఆకాశం చూసి, "మన చేలో పడిందంటావా?" అని అడిగేది. మంగళగిరి మబ్బు చూసి దర్శి వాన సంగతి ఎట్లా చెప్పను?

రాజీ కుదిరిందని కబురొచ్చింది ఆ తర్వాతి వేసవిలో. పక్క ఊళ్ల పెద్దమనుషులు కూర్చుని, రెండు వర్గాల చేతా దీపం మీద చెయ్యి పెట్టించారట. ఎవరి ఇళ్లకు వాళ్లు రావాలి. చావుకైనా పెళ్లికైనా పిలిస్తే పోవాలి. పాత మాట ఎత్తకూడదు. బళ్లో పోలీసు పికెట్ ఇంకొన్నాళ్లు ఉంటుంది.

ఇంటికొచ్చేసరికి ఇంటికి తలుపుల్లేవు. ద్వారబంధాలు కూడా పెరికి పట్టుకుపోయారు. వంటింట్లో జిల్లేడు మొలిచి నా నడుం దాకా ఉంది. మొదటి నెల గుమ్మానికి గోనెపట్టాలు కట్టుకుని పడుకున్నాం. ఎదురింటివాళ్లు అటు వర్గం. వాళ్ల కొట్టంలో ఉన్న చెక్కతలుపు మాదేనని నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్లకు తెలుసు. నాలుగు రోజులు పోయాక ఆ తలుపు మా గోడకు ఆనించి ఉంది. ఎవరు పెట్టారని మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. మా ఊరు బాగుపడింది ఇలాగే, అడగకుండా, చెప్పకుండా.

అందరికంటే ముందు దారిలోకొచ్చింది మంగలి షాపు. అటు గడ్డాలూ ఇటు గడ్డాలూ ఒకే కత్తికి తలొంచాయి. టీ కొట్టు ముందు రెండు బల్లలుండేవి. రాజీ తర్వాత కూడా ఒక్కో వర్గం ఒక్కో బల్ల మీద కూర్చుని, అవతలి బల్ల వంక చూడకుండా టీ తాగి పోతుండేది. కొట్టాయన ఒకరోజు ఒక బల్ల తీసి లోపల పడేశాడు. అడిగితే కాలు విరిగిందన్నాడు. దాని కాలుకేం కాలేదని లోపలికి వెళ్లిన ప్రతివాళ్లకూ కనిపిస్తూనే ఉంది. నాలుగు రోజులు నిలబడి తాగారు. తర్వాత మోకాళ్లు నొప్పులు పుట్టి కూర్చున్నారు. ఆడవాళ్లం బోరింగు దగ్గర మాట్లాడుకోవడానికి ఇంకొంచెం ఎక్కువ పట్టింది. "నీ బిందె కారుతోంది" అని ఎవరో అన్నారు. అదే మొదటి మాట.

జూన్ ఆఖర్లో వాన పడింది. ఏడాది పడున్న నేల. మా బావగారు, మా ఆయనకు అన్నగారు, అద్దెకు అరక కుదిర్చారు. పదును ఆరకముందే పత్తి వెయ్యాలి. ఆ ఏడాది కూడా పంట లేకపోతే ఊళ్లో ఉండలేం, మళ్లీ మంగళగిరి వసారాకే పోవాలి. మేం ముగ్గురం చేలోకి వెళ్లి చూసేసరికి, తూర్పు మూల, గట్టు పక్కన, మంచాలు నాలుగు పట్టేంత చోటు చుట్టూ ముళ్ల చిల్లకంప వేసి ఉంది.

ఆ కంప ఎవరిదో అడగక్కర్లేదు. గట్టు అవతల వదిన కలుపు తీస్తోంది.

మా ఊళ్లల్లో కంప వెయ్యడమంటే హద్దు వెయ్యడమే. ఈ ఏడాది దొడ్డి అంటారు, వచ్చే ఏడాది వామి వేస్తారు, మూడో ఏడాది అడిగితే మా తాత నాటిదంటారు. మా బావగారికి ఒళ్లు మండింది.

"ఏమ్మా! ఊరొదిలిపోయాం గానీ ప్రాణాలొదల్లేదు. మా చేలో కంపేంటి?"

ఆవిడ లేచి నిలబడింది. కొంగు నడుముకు దోపుకుంది గానీ గట్టు దాటి రాలేదు.

"ఆ మూల ఒదిలెయ్యి అన్నయ్యా. ఈ ఒక్క ఏడాదీ."

"ఈ ఏడాది మూల. వచ్చే ఏడాది?"

"వచ్చే ఏడాది నేనే తీస్తా."

"మా నేల మాకివ్వడానికి నువ్వెవరు? చూసుకుందాం. రేపు అరకతోపాటు గొడ్డలి కూడా తెస్తా."

ఆవిడ మళ్లీ కూర్చుని కలుపు పట్టుకుంది. మా బావగారు మాత్రం ఊరుకోలేదు. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర, ఉన్న ఒక్క బల్ల ఎక్కి నిలబడినట్టుగా అరిచారు. దొంగ కంప అన్నారు, ఆశపోతు ముండ అన్నారు. పికెట్ పోలీసులు కూడా విన్నారు. అటు వర్గంలో వదిన మరిది లేచి నిలబడ్డాడట, ఎవరో చొక్కా పట్టుకుని కూర్చోబెట్టారట. పొద్దున గొడ్డలి పడితే ఏమవుతుందో మాకందరికీ తెలుసు. ఆ మరిది ఊరుకోడు. మా బావగారూ ఊరుకోరు. దీపం మీద పెట్టిన ఒట్టు దీపం దగ్గరే మిగిలిపోతుంది.

నాకు ఆ రాత్రి ఇంకొకటి తొలిచింది. కంపలు నేనూ వేసినదాన్నే. ఎక్కడైనా ముందు రాటలు పాతుతాం, వాటికి కంప ఆనించి కొబ్బరితాడుతో కడతాం. రాట లేని కంప గాలికి నిలవదు, గేదె మూతి పెడితే ఒరిగిపోతుంది. ఆవిడ కంపకు ఒక్క రాట లేదు. గట్టు మీది రాళ్లు తెచ్చి మోడుల మీద బరువు పెట్టింది. నాకంటే పదేళ్లు ముందు కంప వెయ్యడం నేర్చినావిడ రాటలెందుకు పాతలేదు? ఇంకోటి, లోపల గడ్డి మోకాలెత్తు ఉంది. ఆవిడకు గేదె ఉంది. ఊళ్లో ఏ గట్టు మీదా ఒక్క పరక వదలని మనిషి, సొంతానికి కంప వేసుకున్న చోట గడ్డి కొయ్యకుండా ఎందుకు వదిలింది?

పొద్దున్నే మా ఆయనతో చెప్పాను.

"అయితే ఏమంటావ్?"

"ఏమో. మధ్యాహ్నం దాకా ఆ మూలకు పోనియ్యొద్దు. మిగతా చేను దున్నండి."

"అన్న వినాలిగా."

"మీరు వినిపించండి. రోజంతా ఉన్న నేల దున్నితే గొడ్డలికి టైమెక్కడుంటుంది?"

నేను వదిన ఇంటికి వెళ్లాను. గొడవ తర్వాత ఆ గడప తొక్కడం అదే మొదలు. పెరట్లో పిడకలు చరుస్తోంది. నన్ను చూసి ఆగలేదు. నేను కూడా పక్కన కూర్చుని ఒక ముద్ద తీసుకుని గోడకు కొట్టాను.

"పిడకలు కొట్టడానికొచ్చావా?" అంది.

"రాటలెందుకు పాతలేదు వదినా?"

ఆవిడ చెయ్యి గోడ మీదే ఆగింది. తర్వాత చెయ్యి కడుక్కుని, వాకిట్లోకి తొంగి చూసి వచ్చి, నా పక్కన గొంతుక్కూర్చుంది.

"పాతితే పేలతాయని" అంది.

భర్త పోవడానికి వారం ముందు అన్నం పట్టుకుపోయినప్పుడు చూసిందట. ఆ మూల గుంట తవ్వి నాటు బాంబుల బకెట్ పాతిపెడుతున్నాడట. మా చేలో ఎందుకని అడిగితే, మా చేలో అయితే ఎవరూ వెతకరు, వెతికి దొరికినా మా మీదకే పోతుంది అన్నాడట. ఆ మాట ఆవిడ ఏమీ దాచకుండా చెప్పింది.

"మీరు ఊళ్లో లేనప్పుడు మేకలవాళ్లు తిరిగేవాళ్లు. భయమేసి కంప వేశాను. మీరొస్తున్నారని తెలిశాక ఇంకా భయమేసింది. నాగలి కర్రు దిగితే?"

"ముందే చెప్పొచ్చుగా."

"ఎవరికి చెప్పను? మీకు చెబితే మీరు పోలీసులకి చెబుతారు, తండ్రి పెట్టాడంటే కొడుకు మీద కేసు కడతారు. మా మరిదికి చెబితే ఆ రాత్రికే తవ్వుకుని పట్టుకుపోతాడు. వాటి కోసం ఇప్పటికీ వెతుకుతున్నాడు, నన్ను కూడా అడిగాడు. పెద్దమనుషులకి చెబితే పాత మాట ఎత్తావంటారు. ఇంకెవరికి చెప్పను?"

"మా బావగారు అన్ని మాటలంటుంటే..."

"అననీ. మాటలు పేలవు. మా ఇంట్లో ఒక మనిషి పోయాడు వదినా. మీ ఆయనకు ఏమైనా అయితే మళ్లీ మొదలవుతుంది. అప్పుడు పోయేది నా కొడుకు. నేనేం మీ మీద ప్రేమతో చెయ్యలేదు."

ఆవిడ అలా అంది గానీ, నా చేతికంటిన పేడ మీద చెంబుతో నీళ్లు పోసింది కూడా ఆవిడే.

ఇంటికొచ్చి మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్పాను. మా బావగారి చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"మన చేలోనా? మన కాళ్ల కిందా? వాడు చచ్చి కూడా..." అని లేచారు. "పదండి పెద్దమనుషుల దగ్గరికి. పెదనాన్న కొడుకైనా చచ్చింది నా తమ్ముడు. ఊరందరి ముందూ తేల్చుకుందాం."

"తేల్చుకుంటే ఏమొస్తుంది?" అన్నాడు మా ఆయన. "ఆ కుర్రాణ్ణి పోలీసులు పట్టుకుపోతారు. వాళ్ల వాళ్లు మన మీదకొస్తారు. మళ్లీ ట్రాక్టరెక్కుదామా?"

"అయితే నోరు మూసుకుని చుట్టూ దున్నుకోమంటావా?"

మా అత్తగారు మూల కూర్చుని ఉంది. ఆవిడకు సగం వినపడదు, మిగతా సగం ఎప్పుడు వినపడుతుందో ఎవరికీ తెలీదు.

"చేలో పాము కనపడితే, ఇది ఎవరి పామురా అని అడుగుతార్రా? కొట్టేవాణ్ణి పిలుస్తారు గానీ!" అంది.

చివరికి నేనే అన్నాను, గడ్డి కోద్దామని వెళితే నాకే కనపడ్డాయని చెబుతానని. మా చేలో ఉన్నాయి కాబట్టి మావేనంటారని నాకూ తెలుసు. మా బావగారు అదే అన్నారు.

"నీ మీద కేసు కడితే?"

"ఆడదాని మీద అంత తొందరగా కట్టరులే బావగారూ. చూద్దాం."

ఆయన చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లిపోయారు. వస్తారో రారో అనుకున్నాను. మేమిద్దరం బడి దగ్గరికి వెళ్లేసరికి అరుగు పక్కన చుట్ట కాలుస్తూ నిలబడి ఉన్నారు. మా వంక చూడకుండా మా వెనక నడిచారు.

పికెట్ హెడ్డు కానిస్టేబులు గారు నేను చెప్పిందంతా విన్నాడు. పెద్దవయసు మనిషి, ఎవర్నీ గదమాయించడు.

"గడ్డి కొయ్యబోయి చూశావు."

"అవునండి."

"కనపడ్డాయి."

"బకెట్ అంచు కనపడిందండి. భయమేసి వచ్చేశాను."

"కంప లోపల కదా ఆ చోటు. ఆ కంప ఎవరు వేశారమ్మా?"

దానికి జవాబు మేం అనుకోలేదు. వదిన పేరు చెబితే ఎందుకు వేసిందంటాడు, అక్కణ్ణుంచి భర్త దాకా, కొడుకు దాకా ఎంత దూరం? తెలీదందామంటే, అది వదిన కంపని బావగారు అరిచింది నిన్న ఊరంతా విన్నది. మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

"నేనే వేశానండి" అన్నారు వెనక నుంచి మా బావగారు.

హెడ్డు గారు తలెత్తి చూశాడు. "నువ్వా?"

"నేనేనండి. గొడ్లు తొక్కకుండా."

"మరి నిన్న టీ కొట్టు దగ్గర కంప వేసినోళ్లని అమ్మ, ఆలి తిట్టావు. నేనక్కడే టీ తాగుతున్నా."

మా బావగారు చుట్ట పారేసి కాలితో నలిపారు.

"నన్ను నేనే తిట్టుకున్నానండి. నాకు అలవాటు."

లోపల కుర్ర పోలీసు ఒకతను కిసుక్కున నవ్వాడు. హెడ్డు గారు నవ్వలేదు. మా ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు. ఆయనకు మొత్తం తెలిసిపోయిందని నాకు తెలిసింది. ఆయన కూడా ఏదో ఊళ్లో పుట్టినవాడే కదా.

"అలవాటు మానుకో. బీపీ వస్తుంది" అని లేచి, వైర్‌లెస్ దగ్గరికి వెళ్లాడు.

ఒంగోలు నుంచి ఆ పని తెలిసినవాళ్లు జీపులో వచ్చారు. ఊరంతటినీ రోడ్డు అవతలే ఆపేశారు. రెండు వర్గాల వాళ్లం కలిసే నిలబడ్డాం, ఎవరు ఎటువైపు నిలబడాలో ఆలోచించుకునే తీరిక లేక. అవి ఎవరివని ఎవరూ అడగలేదు. ఒక ముసలాయన మాత్రం, "వానలు బాగానే పడేట్టున్నాయి" అన్నాడు ఎవర్నీ చూడకుండా. అందరూ అవునన్నారు. పొద్దు వాలేలోపు కంప పక్కకు లాగి, బకెట్ పైకి తీసి, నీళ్లలో ఇసకలో ఏదో చేసి, జీపెక్కించుకుని పోయారు. కేసు మాట తర్వాత రాలేదు. ఎందుకు రాలేదో మేం అడగలేదు.

వదిన చూడ్డానికి రాలేదు. దీపాలవేళ నేనే వెళ్లాను. గేదెకు కుడితి కలుపుతోంది.

"అన్నయ్య తనని తనే తిట్టుకున్నాడటగా" అంది.

"అలవాటంట."

ఆవిడకు నవ్వొచ్చింది. భర్త పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలేమో, ఆపుకోలేకపోయింది. నవ్వుతూ నవ్వుతూ గేదె మెడ పట్టుకుని ఏడ్చేసింది. నేను కూడా ఏడ్చాను. ఏడాది కింద ఆ ఇంట్లో ఏడవాల్సిన ఏడుపు అది.

దాంతో అంతా సర్దుకుపోయిందని చెప్పను. ఆవిడ మరిదికి అనుమానమొచ్చింది. చాలాకాలం వదిన ఇంటి మొహం చూడలేదు, పిల్లల్ని కూడా పంపలేదు. మా బావగారు ఆవిడతో నేరుగా మాట్లాడటానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. తిట్టిన తిట్లకు క్షమించమని ఆయన అడగలేదు, ఆవిడ అడుగుతాడని చూడలేదు.

మర్నాడు పొద్దున్నే నేను పార, గంప తీసుకుని చేలోకి వెళ్లాను. వాళ్లు తవ్విన గుంట నీళ్లు నిండి ఉంది. నీళ్లు తోడి పోసి, గట్టు కింది మట్టి గంపతో మోసి గుంట పూడ్చాను. అరక వచ్చింది. మా ఆయన ఎడ్లను ఆ మూల దాకా తోలుకొచ్చి ఆపేశాడు. అన్నీ తీసేశారని చెప్పారు గదా అన్నాను. చెప్పారు గదా అని ఆయనా అన్నాడు గానీ ఎడ్లను అదిలించలేదు. నేను చీర కాస్త పైకి దోపుకుని, ఆ మూలంతా చెప్పుల్లేకుండా అటూ ఇటూ నడిచాను. గడ్డిలో పల్లేరు గుచ్చుకుంటే కూర్చుని తీసుకుని మళ్లీ నడిచాను. అప్పుడు ఎడ్లు కదిలాయి. కర్రు వెనకే, ఒడిలో పత్తి గింజలు పోసుకుని, సాలులో ఒక్కొక్కటే వేసుకుంటూ గట్టు దాకా వెళ్లాను.